రెండో దారికి కాపలా నక్క

తొండవాగు ఒడ్డున పనిచేసే జంతువులు రెండు జట్లు. ఎగువన మిట్ట మీద బెల్లం గానుగ తిప్పే ఎద్దులు, దిగువన కొండ మలుపు తిరిగాక ఇటుకల బట్టీకి మట్టి మోసే గాడిదలు. యజమానులు వేరు, మేత వేరు, మాట తీరు కూడా వేరు. ఎద్దులు ఒక మాటని నాలుగుసార్లు నెమరేసి గాని బయటికి వదలవు. గాడిదలు కడుపులో ఉన్నదంతా ఒక్క ఊపిరిలో కక్కేస్తాయి. అయినా ఒకరి ప్రాణం ఇంకొకరి నోట్లో ఉండేది.

ఎందుకంటే గాడిదలు మట్టి తీసే గొయ్యి సరిగ్గా వాగు మధ్యలో ఉంది. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారంటే, నీళ్లు వచ్చి ఆ గోతిని నింపడానికి ఎంతోసేపు పట్టదు. గోతిలో ఉన్నవాళ్లకి మట్టిగోడ తప్ప ఏమీ కనపడదు. మిట్ట మీద గానుగ తిప్పే ఎద్దుకైతే చుట్టు తిరిగిన ప్రతిసారీ గేట్లు కనపడతాయి. అలాగే గాలి మళ్లితే బట్టీ నిప్పురవ్వలు ఎగిరి ఎద్దుల చెరకు పిప్పి కుప్పల మీద పడతాయి. ఆ గాలి సంగతి ముందు తెలిసేది గాడిదలకి. పిలిస్తే వినపడదు, మధ్యలో కొండ అడ్డం. అందుకని రెండు జట్ల మధ్యా కబుర్లు మోసే పని నూకాలు అనే కాకికి అప్పజెప్పారు. ఆమె కాపురం దారి మధ్యలో ఉన్న ఒంటి తాటిచెట్టు మీద. జీతం రోజుకో బెల్లం ముక్క.

ఎద్దుల పెద్ద పేరు సింహాద్రి. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పడు. అందరూ దాన్ని జ్ఞానం అనుకునేవారు. సింహాద్రి కూడా అలాగే అనుకునేవాడు.

ఒకరోజు గేట్లు లేచాయి. సింహాద్రి "నూకాలూ" అని పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఊళ్లో ఎవరిదో తద్దినం, నూకాలు పిండం తినడానికి పోయింది. కాడి మెడ మీద ఉంది, పగ్గం మనిషి చేతిలో ఉంది, సింహాద్రి చుట్టూ తిరుగుతూ వాగు ఎర్రగా పొంగడం చూస్తూ ఉండిపోయాడు. గాడిదల పెద్ద పైడమ్మ కూతురు అప్పుడే మొదటి మోత మోస్తోంది. వరద దాన్ని మలుపు దాకా ఈడ్చుకుపోయి తుమ్మపొదలో పడేసింది. బతికింది గాని, వెనక కాలు మళ్లీ సరిగ్గా నేలకి ఆనలేదు.

ఆ సాయంత్రం పనులు వదిలాక రెండు జట్లూ నీళ్లరేవులో కలిశాయి. నూకాలు తల వంచుకుని రాయి మీద కూర్చుంది.

"దాన్ని తిట్టి లాభం లేదు అన్నా," అంది పైడమ్మ సింహాద్రితో. "కాకి అన్నాక తద్దినానికి పోక మానదు. తప్పు మనది. ఇన్ని ప్రాణాలకి ఒకటే దారి పెట్టుకున్నాం."

"అయితే రెండో దారి పెడదాం," అన్నాడు సింహాద్రి, ఈసారి నెమరెయ్యకుండా.

ఆ మాట పూర్తికాకముందే పొదల్లోంచి గుంటనక్క సన్యాసిరావు బయటికొచ్చాడు. బెల్లం వాసన ఉన్నచోట సన్యాసిరావు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాడు.

"దొరా, మీకు శ్రమ ఎందుకు? నేను కుదురుస్తాను. నూకాలుకి తమ్ముడున్నాడు, కుర్రాడు చురుకైనవాడు. ఒక కాకి ఉన్నచోట రెండు కాకులు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. కుదిర్చినందుకు నాకు ఒక బెల్లం ముక్క చాలు."

సింహాద్రికి నచ్చింది. లెక్క సులువుగా ఉంది. తల ఊపబోతుంటే పైడమ్మ అడిగింది.

"ఆ తమ్ముడు ఉండేదెక్కడ?"

"అక్కగారింట్లోనే. అదే తాటిచెట్టు."

"పిడుగు పడితే?"

సన్యాసిరావు తోక నాక్కున్నాడు.

"తినేదేమిటి?"

"కాకి ఏం తింటుంది పైడమ్మా, అక్క తినేదే."

"అయితే ఒకే తద్దినానికి ఇద్దరూ పోతారు," అంది పైడమ్మ. "అది రెండో దారి కాదు. ఉన్న దారినే రెండుసార్లు లెక్కపెట్టడం."

గాడిదకేం తెలుసు గంధపు వాసన అని లోకం అంటుంది గాని, ఆ మాటకి ఎద్దులన్నీ చెవులు కదిపాయి. సింహాద్రి తల ఊపడం మధ్యలో ఆపి, మొదటినుంచీ తనకీ అదే అనుమానం అన్నట్టు గంభీరంగా మూతి పెట్టాడు.

"రెక్కలున్నవాడు వద్దు," అంది పైడమ్మ. "కాళ్లతో వచ్చేవాడు కావాలి. చెట్టు మీద కాదు, నేల మీద ఉండేవాడు. వేరే తిండి, వేరే దారి."

సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు. "కొండ మీద ముళ్లదారి ఒకటుంది. దాన్ని పట్టుకుని పోతే బట్టీ దగ్గర దిగొచ్చు. ఆ దారి తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. వాడు నేనే. అరికాళ్లు చీరుకుపోతాయి. అయినా పదిమందికి పనికొచ్చే పని కదా."

నక్క వినయానికి మొసలి కన్నీళ్లని పేరు. అయినా ఆ దారి నిజంగానే ఉంది, నక్క నిజంగానే ఎగరదు, తద్దినాలకి పోదు. సింహాద్రి బాగా నెమరేసి ఒప్పుకున్నాడు. నూకాలుకిచ్చినట్టే సన్యాసిరావుకీ రోజూ బెల్లం.

"అయితే ఒక మాట," అన్నాడు సింహాద్రి. "ఒకడు మోస్తుంటే ఇంకొకడు కూర్చుని తినడం నాకు ఇష్టం ఉండదు. ఇద్దరూ మొయ్యాలి. అటు మాట ఇటు, ఇటు మాట అటు. ఎవరు ముందు చెబితే వాళ్లదే లెక్క."

ఎద్దు న్యాయం అది. కాడికి రెండు మెడలూ సమానంగా వంగాలి.

మర్నాడు పొద్దున్న ఆనకట్ట మీద ఎవరో పనివాడు గేటు గొలుసుకి నూనె రాస్తూ కనపడ్డాడు. సింహాద్రి జాగ్రత్తపరుడు కాబట్టి నూకాలుతో "గేటు దగ్గర మనిషున్నాడు, ఓ చెవి అటు పెట్టుకోమను" అని పంపాడు. నూకాలు బట్టీలో చెప్పింది. గాడిదలు ఒకదానికొకటి చెప్పుకున్నాయి. అప్పుడే ముళ్లదారి దిగిన సన్యాసిరావు అది విని, తన వంతు పని తాను చెయ్యాలి గనక, మళ్లీ కొండెక్కి గానుగ దగ్గరికి పరిగెత్తాడు.

"బట్టీనుంచి కబురు. గేటు దగ్గర మనుషులు చేరారట."

సింహాద్రి అప్పుడు గానుగకి అవతల చుట్టులో ఉన్నాడు. చెరకు దగ్గరున్న ఎద్దులు అది కొత్త కబురనుకుని నూకాలుకి చెప్పాయి. నూకాలు బట్టీకి పోయింది. అక్కణ్ణుంచి సన్యాసిరావు గానుగకి వచ్చాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, తిరిగిన ప్రతిసారీ కబురు ఒక పిల్లని పెట్టింది. మనుషులు గుంపయ్యారు. గుంపు గేట్లు ఎత్తింది. ఎత్తిన గేట్లు విరిగాయి. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఇద్దరు వార్తాహరులూ నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నారు గాని మాట మాత్రం ఆగలేదు.

చివరికి ఒక కోడెదూడ వచ్చి సింహాద్రికి చెప్పింది. "తాతా, ఆనకట్ట తెగిపోయిందట."

సింహాద్రి తలెత్తి చూశాడు. ఆనకట్ట ఎదురుగానే ఉంది. పనివాడు దాని నీడలో అన్నం తింటున్నాడు. కాని అప్పటికే మిగతా ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి. వాటి తోపులాటలో కాగుతున్న పాకం పెనం బోర్లా పడింది. మధ్యాహ్నమంతా యజమాని కర్ర సింహాద్రి వీపు మీదే ఉంది, పెద్దవాడు గనక. అవతల గాడిదలు మోతలు కిందపడేసి కొండెక్కి కూర్చున్నాయి.

సాయంత్రం రేవులో పైడమ్మ నెమ్మదిగా విచారణ మొదలుపెట్టింది.

"ఆనకట్ట తెగిందని నీకెవరు చెప్పారు అన్నా?"

"మీరే పంపారట కదా."

"మాకు చెప్పింది నూకాలు. నూకాలూ, నీకెవరు చెప్పారు?"

"గానుగవాళ్లు," అంది నూకాలు.

"గానుగవాళ్లకి?"

"నేనే చెప్పాను," అన్నాడు సన్యాసిరావు. "మీ బట్టీలో విన్నదే. నా పని నేను చేశాను."

 సింహాద్రి వీపు మీద వాతలు చురుక్కుమంటున్నాయి. తను పొద్దున్న పంపిన మాటే సాయంత్రానికి తనని కొట్టించిందని అతనికి మెల్లగా అర్థమైంది.

"రెండు దారులూ ఒకేసారి తెరిస్తే మాట గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది," అన్నాడు చివరికి. "ఒకరే మాట్లాడాలి. రెండోవాడు నోరు మూసుకుని కూర్చోవాలి. మొదటివాడు పడిపోయిన రోజునే లేవాలి."

సన్యాసిరావు కళ్లు మెరిశాయి. "నోరు మూసుకుని కూర్చోవడమా దొరా? కష్టమైన పనే. ఎవరో ఒకరు చెయ్యాలి కదా, చేస్తాను. బెల్లం సంగతి మాత్రం మారదుగా?"

"మారదు."

"మొదటివాడు పడిపోయాడని రెండోవాడికి తెలిసేదెలా?" అని అడిగింది పైడమ్మ.

దీనికి సింహాద్రి దగ్గర జవాబుంది. మధ్యాహ్నమంతా దెబ్బలు తింటూ ఆలోచించాడు. కబురున్నా లేకపోయినా నూకాలు రోజూ పొద్దున్నే బట్టీకి ఎగరాలి. గోతిలోని ఎర్రమట్టి ముక్కున కరుచుకుని గానుగకి తిరిగి రావాలి. గేటు కబురున్న రోజు ఇంకోసారి పోయి ఇంకో ముద్ద తేవాలి. మట్టి వచ్చిందంటే దారి బాగున్నట్టు. రాలేదంటే సన్యాసిరావు ఆ క్షణమే లేచి ముళ్లదారి పట్టాలి. గొలుసులా ఒకదానికొకటి తగిలిన ఆ ఏర్పాటు చూసి సింహాద్రికి ముచ్చటేసింది. అంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఏ అడవిలోనూ ఉండదనుకున్నాడు.

వేసవంతా అలాగే గడిచింది. పొద్దున్నే ఎర్రమట్టి వచ్చేది. సన్యాసిరావు తాటిచెట్టు కింద రాతి నీడలో పడుకుని బెల్లం చప్పరించేవాడు. పొట్ట పెరిగింది, తోక నిగనిగలాడింది. ఒకసారి ఓ ఎద్దు గొణిగింది, "పని లేనివాడికి జీతమేమిటి?" అని.

"ఇల్లు అంటుకోలేదని నుయ్యి పూడ్చేస్తామా?" అన్నాడు సన్యాసిరావు కళ్లు తెరవకుండా. "నేను ఖాళీగా ఉన్నానంటే మీ ఏర్పాటు బాగున్నట్టు. నేను పరిగెత్తే రోజు మీకు మంచిరోజు కాదు."

ఈ జవాబు సింహాద్రికి ఎంతో నచ్చింది. రెండుమూడు చోట్ల తన మాటగా చెప్పుకున్నాడు కూడా.

వానాకాలం వచ్చింది. మొదటి ముసురు పట్టిన రోజు, తాటాకులు విరిగే గాలిలో కూడా నూకాలు తడిసి ముద్దై ఎర్రమట్టి తెచ్చింది. ఆమె విశ్వాసానికి సింహాద్రి మనసు కరిగింది. సాయంత్రం రేవులో పైడమ్మతో ఆ మాటే అన్నాడు.

"ఇంత వానలోనూ మట్టి తప్పలేదు చెల్లీ."

పైడమ్మ అతని వంక ఓ క్షణం చూసింది. తర్వాత పక్కన ఓ రాతి కింద ముడుచుకున్న సన్యాసిరావు వంక చూసింది. "మంచిది," అంది. తర్వాత, గాడిదలకి అలవాటైన గొంతుతో, రేవంతా వినేలా చెప్పింది. "అన్నట్టు, రేపటినుంచి మేం కొత్త గొయ్యి తవ్వుతున్నాం. అక్కడ మట్టి నలుపు. నూకాలు నల్లమట్టి తెస్తే కంగారు పడకు."

ఇంత చిన్న సంగతికి అంత అరుపెందుకో సింహాద్రికి అర్థం కాలేదు. గాడిద గొంతు గాడిదది, అనుకుని నీళ్లు తాగాడు.

మర్నాడు వాన ఇంకా పెరిగింది. గానుగ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆనకట్ట గేట్లు కదులుతున్నాయి. ఇంకో చుట్టుకి అన్నీ పైకి లేచి ఉన్నాయి.

"నూకాలూ, గేట్లు లేచాయి. అన్నీ లేచాయి. గోతిలోంచి బయటికి రమ్మని చెప్పు, త్వరగా."

నూకాలు వానలో మాయమైంది. సింహాద్రి తిరుగుతూనే ఉన్నాడు. వాగు కనపడే వైపు వచ్చినప్పుడల్లా గుండె దడదడలాడేది. కనపడని వైపు ఇంకా ఎక్కువ దడదడలాడేది. కుంటుకుంటూ నడిచే ఆ చిన్న గాడిద గుర్తొచ్చింది. కాడి ఎప్పుడూ లేనంత బరువనిపించింది.

ఇంతలో నూకాలు వచ్చి గుంజ మీద వాలింది. ముక్కున నల్లమట్టి.

"చెప్పావా?"

"చెప్పాను," అంది నూకాలు, రెక్కలు ముక్కుతో దువ్వుకుంటూ.

సింహాద్రి గట్టిగా ఊపిరి వదిలాడు. చెప్పిన చోటే తవ్వారు, చెప్పిన రంగే వచ్చింది. ఏర్పాటంటే అలా ఉండాలి. వరద ఎర్రగా, చెట్ల కొమ్మలతో సహా హోరుమంటూ మలుపు వైపు పోతుంటే అతను భయపడలేదు. ఆ రోజు యజమాని అదిలించకుండానే చకచకా నడిచాడు.

సాయంత్రానికి రేవు మునిగిపోయింది. జంతువులన్నీ పైనున్న బండ మీద చేరాయి. గాడిదలన్నీ ఉన్నాయి. లెక్క చూసుకుని సింహాద్రి తృప్తిగా మోర ఎత్తాడు.

"కబురు సమయానికి అందింది కదా చెల్లీ."

"ఏ కబురు?" అంది పైడమ్మ.

"గేట్ల కబురు. నూకాలు తెచ్చింది కదా."

"నూకాలు ఇవాళ రాలేదు. నిన్నా రాలేదు."

సింహాద్రి నెమరెయ్యడం ఆగిపోయింది. "మట్టి తెచ్చింది. నల్లమట్టి. నువ్వు చెప్పినట్టే."

"నల్లమట్టితో ఇటుక పోస్తే ఆరకముందే పగులుతుంది అన్నా. మా వైపు కొత్త గొయ్యీ లేదు, నల్లమట్టీ లేదు. అది ఉన్నది సన్యాసిరావు బొరియ పక్కన పత్తిచేలో." పైడమ్మ గొంతు పెంచలేదు. గాడిద గొంతు పెంచకుండా మాట్లాడితే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజు అందరికీ తెలిసింది.

చూపులన్నీ నూకాలు మీదికి తిరిగాయి. నూకాలు ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడింది.

"వానలో రెక్కలు బరువవుతాయి," అంది. "నేను పోకపోతే సన్యాసిరావు ముళ్లదారిన పోవాలి. ఇద్దరం తడవడమెందుకని అతనే అన్నాడు. చెట్టు తొర్రలో ఎర్రమట్టి ఉండలు చేసి పెట్టాడు, నిన్న రాత్రి నల్లవి కూడా చేర్చాడు. వాన రోజున అందులోంచి ఒకటి తీసి చూపిస్తే చాలన్నాడు. గేట్లు ఎన్నాళ్లకోగాని ఎత్తరు, ఒక్క రోజుకి ఏమవుతుందిలే అన్నాడు. ఇవాళ గేట్లు లేచాయన్నప్పుడు చెట్టు దాటి కొంతదూరం పోయాను. గాలి తోసేసింది. తిరిగొచ్చి నిజం చెబుదామంటే, నిన్న అబద్ధమెందుకు చెప్పావని అడుగుతారని భయమేసింది."

 పొద్దున్న తను తృప్తిగా తిరిగిన చుట్లన్నీ సింహాద్రికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గొయ్యి నిండుతుంటే తను హుషారుగా నడుస్తున్నాడు.

"మరి మీరెలా బతికారు?" అన్నాడు. 

"నువ్వు మట్టి ఏర్పాటు పెట్టిన రోజునే మేమూ ఒకటి పెట్టుకున్నాం. పొద్దున్నే కాకి వచ్చి గోతిలో మట్టి ముట్టేదాకా ఎవరమూ అందులో కాలు పెట్టం. కబురు రాకపోతే అదీ ఒక కబురే. నిన్నా ఇవాళా బట్టీవాడు కర్రతో చావబాదాడు. పడ్డాం. గాడిద మొండికేస్తే ఎవరూ కారణం అడగరు, అదొక సుఖం."

"నిన్ననే నాతో చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు సన్యాసిరావుని అడుగుతావు. అతను నీకు నచ్చే జవాబు చెబుతాడు. నువ్వు నమ్ముతావు."

సింహాద్రి మెల్లగా నక్క వైపు తిరిగాడు. 

సన్యాసిరావు అప్పటికే బండ చివరికి జరిగాడు. కాని వెనక వాగు, ముందు కొమ్ములు. "దొరా, నేను నోరు మూసుకుని కూర్చోవాలన్నది మీ ఆజ్ఞే," అన్నాడు. "మట్టి వచ్చిందంటే కదలొద్దన్నారు. మట్టి వచ్చింది. కదల్లేదు. ఇందులో నేను తప్పిన మాట ఏదీ లేదు."

కుర్ర ఎద్దులు కొమ్ములు దించాయి. పైడమ్మ అడ్డు నిలబడింది.

"పొడవొద్దు. జీతం కూడా ఆపొద్దు. ముళ్లదారి తెలిసినవాడు ఇతనొక్కడే, ఆ దారి మనకి కావాలి." సన్యాసిరావు తోక కొంచెం పైకి లేచింది. గాడిద బుద్ధి మోకాలిలో ఉంటుందనుకున్నాడు. పైడమ్మ చెప్పడం ఆపలేదు. "బెల్లం పెట్టే చోటు మాత్రం మారుద్దాం. రేపటినుంచి నూకాలు రోజూ పొద్దున్నే సన్యాసిరావు బెల్లాన్ని తెచ్చి మా గోతి అడుగున పెడుతుంది. అతను అక్కడికే వచ్చి, అక్కడే కూర్చుని తినాలి. మేం మట్టి తీసినంతసేపూ మాతోనే ఉండాలి. పైకి తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే అప్పుడు కొమ్ములు."

సన్యాసిరావుకి ఇది శిక్షలా కనపడలేదు. బెల్లం బెల్లమే, చోటు ఏదైతేనేం? నవ్వుకుంటూ ఒప్పుకున్నాడు.

వరద తీశాక మొదటి రోజు గోతిలోకి దిగాడు. చుట్టూ ఎర్రటి మట్టిగోడలు. పైన చాపంత ఆకాశం. గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీత, తన తలకి చాలా ఎత్తున. బెల్లం నోట్లో పెట్టుకున్నాడు. ఎక్కడో రాయి జారిన చప్పుడైంది. బెల్లం గొంతులో అడ్డుపడింది.

రెండో రోజునుంచి గానుగ దగ్గర ఒక వింత కనపడసాగింది. ఇంకా తెలవారకముందే సన్యాసిరావు ముళ్లదారిన రొప్పుకుంటూ మిట్ట ఎక్కేవాడు. అరికాళ్లకి ముళ్లు, ఒంటికి బురద, పొట్ట పూర్తిగా తగ్గిపోయింది.

"దొరా, గేట్లు దించే ఉన్నాయా?"

"ఉన్నాయి," అనేవాడు సింహాద్రి, గానుగ తిప్పుతూ.

"బాగా చూశారా? ఇంకోసారి చూడండి. నూకాలు బయల్దేరిందా? తద్దినాలేమీ లేవు కదా ఇవాళ ఊళ్లో?"

వాన రోజున మరీ ఘోరం. తాటిచెట్టు కింద నిలబడి, నూకాలు రెక్క విప్పేదాకా అరిచేవాడు. ఆమె ఎగరలేనన్న రోజున తనే ముందు పరిగెత్తి గాడిదలని గట్టు మీద ఆపి, గేట్ల కోసం మళ్లీ కొండెక్కేవాడు, ఆనక గోతిలోకి తనూ దిగాలి గనక. ఆ ఏడు వానాకాలంలో గేట్లు ఎన్నిసార్లు లేచినా, కాకి వచ్చినా రాకపోయినా, కబురు ఒక్కసారి కూడా ఆగలేదు. సన్యాసిరావు సేవాభావాన్ని కొత్తగా వచ్చిన జంతువులు మెచ్చుకునేవి కూడా. అతను మాత్రం ఆ మెప్పు వినడానికి ఆగేవాడు కాదు, గేట్లు చూడ్డానికి పోవాలి.

నీతి: ముంచుకొచ్చే నీళ్లు తన మెడదాకా కూడా వస్తాయని తెలిసినవాడే కాపలా మేలుకుని కాస్తాడు.